ఖాళీ డబ్బాకు పది సెంట్లు

పసిఫిక్ మహాసముద్రం మీదుగా వచ్చే గాలి ఆగస్టు నెలలో కూడా చలిగానే ఉంటుంది. అమెరికా వాయవ్య మూలన ఉన్న ఒరెగాన్ రాష్ట్రంలో, కేప్ లుకౌట్ అనే భూశిరం పక్కన, స్ప్రూస్ వృక్షాల నీడలో ఒక తెలుగు కుటుంబం ఆ సాయంత్రం డేరా వేసుకుంది. నెల్లూరు జిల్లా నుంచి మూడు నెలల క్రితం కుమారుని ఇంటికి వచ్చిన తల్లి మడతకుర్చీలో శాలువా కప్పుకుని కూర్చుంది. కోడలు గ్యాసుపొయ్యి మీద ఉప్మాకు ఎసరు పెట్టింది. కుమారుడు మంచుపెట్టె మూత తీసి ఒక డబ్బా అందుకుని, ఒక్క క్షణం తటపటాయించి, దానిని బల్ల మీద పెట్టాడు. పదేళ్ళ మనుమరాలు దాని మీది అక్షరాలు పైకి చదివింది.

"నానమ్మా! దీని మీద ఇండియా అని రాసి ఉంది!"

ఆమె కళ్ళజోడు సవరించుకుని ఆ డబ్బాను చేతిలోకి తీసుకుంది. 'ఇండియా పేల్ ఏల్' అని చదివింది. అది బీరు అని ఎవరూ చెప్పనక్కరలేకపోయింది. డబ్బాను ఎక్కడిదక్కడ పెట్టి, లేచి, సముద్రం వైపు నడిచి వెళ్ళింది.

ఆమె నెల్లూరు జిల్లా పల్లెలో ముప్పై ఏళ్ళు తెలుగు చెప్పిన ఉపాధ్యాయిని. ఆమె ఒక్కగానొక్క తమ్ముడు సారాకు బలి అయ్యాడు. 1991లో జిల్లాలో అక్షరాస్యతా ఉద్యమం మొదలైనప్పుడు ఆమె రాత్రిబడిలో కూలి స్త్రీలకు అక్షరాలు దిద్దించింది. దూబగుంట గ్రామంలో వాచకంలోని పాఠం చదువుకున్న స్త్రీలు ఊరిలో సారా అమ్మకాన్ని అడ్డుకున్నారన్న వార్త విని, తన ఊరి స్త్రీలతో కలిసి సారా బండికి అడ్డంగా నిలబడింది. అటువంటి తల్లి ఇంట ఉన్న మూడు నెలలూ కుమారుడు బీరు ముట్టలేదు. కాని ఏటా వేసవిలో చేసే ఈ అయిదు రోజుల యాత్రలో, సాయంకాలం ఒక బీరు తాగడం అతనికి చాలా ఏళ్ళ అలవాటు. దాచి తాగడం కంటె ఎదుట తాగడమే మర్యాద అని అతను భావించాడు. ఆ రాత్రి ఉప్మా చల్లారిపోయిన తరువాత గాని ఆమె తిరిగి రాలేదు. ఎవరితోనూ మాట్లాడకుండా పెరుగన్నం తిని డేరాలోకి వెళ్ళి పడుకుంది.

కాలిన చోట పెరిగిన అడవి

ఆనాటి ఉదయం ప్రయాణం ఎంతో ఉల్లాసంగా ఆరంభమయింది. పోర్ట్‌లండ్ నగరానికి పడమట ఉన్న హిల్స్‌బరో పట్టణంలో, కంప్యూటర్ చిప్పుల పరిశ్రమను ఆశ్రయించుకుని అనేక తెలుగు కుటుంబాలు స్థిరపడ్డాయి. ఆ ఇళ్ళ ముందు వేసవి శెలవుల్లో కార్ల పైకప్పుల మీద డేరాలు, పరుపులు కట్టే దృశ్యం మామూలే. ఈ కుటుంబం తీసుకువెళ్ళిన సామానులో పులిహోర, ఆవకాయ జాడీ, చింతపండు, ఇడ్లీపిండి డబ్బా, బియ్యం కూడా ఉన్నాయి. అయిదు రోజులూ కారు నడపవలసినది ఎవరో బయలుదేరకముందే నిర్ణయమైపోయింది. సాయంకాలపు గమ్యం చేరి తాళంచెవులు కోడలి చేతిలో పడిన తరువాతనే మంచుపెట్టె తెరవాలి. ఆమె బీరు ముట్టదు. ఇది ఆ దంపతులు పెళ్ళయిన కొత్తలో పెట్టుకున్న నియమం.

హిల్స్‌బరో నుంచి సముద్రానికి పోయే 6వ నంబరు రోడ్డు దట్టమైన అడవి గుండా కొండలెక్కి దిగుతుంది. చూసేవారికి అది అనాదిగా ఉన్న అరణ్యం వలె కనిపిస్తుంది గాని, నిజానికి అది మానవులు చేతులతో నాటిన అడవి. 1933లో అక్కడ చెలరేగిన దావానలం లక్షల ఎకరాలను దహించివేసింది. 1939లోను, 1945లోను, 1951లోను అదే ప్రదేశం మళ్ళీ మళ్ళీ కాలింది. సరిగ్గా ఆరేళ్ళకొకసారి మంటలు రావడంతో ఆ చోటికేదో శాపం ఉన్నదని జనం చెప్పుకొన్నారు. మొత్తం మీద మూడున్నర లక్షల ఎకరాలు బూడిద అయ్యాయి.

1948లో ఒరెగాన్ ఓటర్లు ఆ నేలను తిరిగి అడవిగా చేయడానికి అప్పు తీసుకోవడానికి అంగీకరించారు. తరువాతి రెండు దశాబ్దాలలో ఏడు కోట్లకు పైగా డగ్లస్ ఫర్ మొక్కలు నాటారు. నాటినవారిలో కూలీలు, ఖైదీలతో పాటు బడిపిల్లలు కూడా ఉన్నారు. పోర్ట్‌లండ్ ప్రాంతపు పాఠశాలల నుంచి బస్సులలో వచ్చిన బాలబాలికలు తలా ఒక మొక్క పాతిపెట్టి వెళ్ళారు. 1973లో దానికి టిల్లమూక్ రాష్ట్ర అరణ్యమని పేరు పెట్టారు. ఆ సంగతి విన్న విశ్రాంత ఉపాధ్యాయిని కారు అద్దం దించి, చాలాసేపు ఆ చెట్లను చూస్తూ కూర్చుంది.

"బడిపిల్లలతో నాటించారా!" అని రెండుసార్లు అన్నది. అడవి దాటి టిల్లమూక్ పట్టణంలో, పాడిరైతుల సహకార సంఘం వారి జున్ను కార్మాగారంలో మనుమరాలితో పాటు తానూ ఐస్‌క్రీము తిన్నది. ఆ సంతోషం సాయంత్రం దాకానే నిలిచింది.

అందరి సముద్రం

మరునాడు వారు కేప్ లుకౌట్ నుంచి దక్షిణంగా పసిఫిక్ సిటీ అనే చిన్న ఊరికి వెళ్ళారు. పేరులో నగరం ఉన్నా అది ఒక పల్లె. అక్కడి తీరంలో రేవు లేదు. బెస్తలు 'డోరీ' అనే చదును అడుగు పడవలను బండ్ల మీద ఇసుకలోకి తెచ్చి, నేరుగా అలలలోకి తోస్తారు. తిరిగి వచ్చేటప్పుడు పడవను వేగంగా నడిపించి ఒడ్డు మీదికే ఎక్కించేస్తారు. సుమారు నూరేళ్ళుగా అక్కడ సాగుతున్న పద్ధతి ఇది. నెల్లూరు తీరంలో తెప్పలను అలలలోకి తోయడం చూస్తూ పెరిగిన తల్లికి ఆ దృశ్యం స్వదేశాన్ని గుర్తుకు తెచ్చింది.

ఇసుక మీద జనం స్వేచ్ఛగా తిరుగుతున్నారు. టిక్కెట్టు లేదు, కంచె లేదు, హోటలు వారి గొడుగుల వరుసలు లేవు. ఒరెగాన్ సముద్రతీరం సుమారు 360 మైళ్ళ పొడవున ఇలాగే ఉంటుంది. ఇది తనంతట తాను వచ్చిన భాగ్యం కాదు. మంచి రోడ్లు లేని రోజులలో గుర్రపుబండ్లు సముద్రపు ఒడ్డు తడి ఇసుక మీదనే ప్రయాణం చేసేవి. ఆ వాడుకను ఆధారం చేసుకుని 1913లో గవర్నరు ఆస్వాల్డ్ వెస్ట్ ఆ తడి ఇసుకను రాజమార్గంగా ప్రకటించే శాసనం చేయించాడు. రోడ్డు ప్రజలది గనుక, తీరమూ ప్రజలది అయింది. అయితే తడి ఇసుకకు ఎగువన ఉన్న పొడి ఇసుక సంగతి ఆ శాసనంలో లేదు. 1966లో కేనన్ బీచ్ అనే చోట ఒక హోటలు యజమాని తన ముందున్న పొడి ఇసుకకు కంచె వేసి, ఇతరులను రానివ్వలేదు. ప్రజలలో ఆగ్రహం పెల్లుబికింది. గవర్నరు టామ్ మెకాల్ హెలికాప్టరులో తీరానికి వచ్చి, ప్రజల హద్దు ఎక్కడ ఉండాలో స్వయంగా కొలతలు వేయించి చూపించాడు. చెట్టూచేమా మొలిచే గీత వరకు ఇసుక అందరిదీ అని 1967 జూలైలో శాసనమయింది.

మధ్యాహ్నం కుమారుడు, కోడలు, మనుమరాలు ఒడ్డునే ఉన్న ఒక బీరు తయారీశాలలో భోజనానికి వెళ్ళారు. 1996 నుంచి అది అక్కడ ఉంది. కిటికీలోంచి చూస్తే అలలు, పడవలు కనిపిస్తాయి. లోపల కుటుంబాలు పిల్లలతో సహా కూర్చుని చేపలు, వేయించిన బంగాళాదుంపలు తింటున్నాయి. 21 ఏళ్ళు నిండనివారికి మద్యం ఇవ్వరాదన్నది అక్కడి శాసనమే గాని, భోజనశాలలోకి పిల్లలు రాకూడదని లేదు. తల్లి మాత్రం లోపలికి రాలేదు.

"మీరు తిని రండి. నేను పడవలు చూస్తూ ఉంటాను" అన్నది.

వారు తిరిగి వచ్చేసరికి ఆమె ఒంటరిగా లేదు. అప్పుడే ఒడ్డెక్కిన ఒక డోరీ పక్కన నిలబడి, సైగలతోను, బడిలో నేర్చిన ఇంగ్లీషుతోను బేరమాడి, రెండు రాక్ ఫిష్‌లు కొన్నది. ఆ రాత్రి డేరా దగ్గర గ్యాసుపొయ్యి మీద చింతపండు పులుసు మరిగింది. నెల్లూరి చేపల పులుసులో వేయవలసిన పచ్చిమామిడికాయ దొరకకపోయినా, ఆవకాయ జాడీలోని ముక్కలు నాలుగు వేసి ఆమె ఆ లోటు తీర్చింది. పక్క డేరావారు వాసనకు వచ్చి గిన్నెలో కొంచెం పోయించుకుని వెళ్ళారు. వారు బదులుగా ఒక బుట్ట మేరియన్‌బెర్రీ పండ్లు ఇచ్చారు. ఒరెగాన్‌లోనే అభివృద్ధి చేసి, 1956లో విడుదల చేసిన నల్లని తియ్యని పండు అది.

భోజనాల తరువాత మనుమరాలు చెత్తసంచి తెచ్చి ఖాళీ డబ్బాలను వేరే సంచిలో వేయసాగింది. ఎందుకలా అని నానమ్మ అడిగింది.

"ఒక్కొక్కదానికి పది సెంట్లు ఇస్తారు నానమ్మా" అన్నది మనుమరాలు.

ఆ పది సెంట్ల కథ కూడా ఈ తీరంలో పుట్టినదే. సముద్రపు ఒడ్డున, కొండదారులలో నడిచే అలవాటున్న రిచర్డ్ చేంబర్స్ అనే ఒక సామాన్య పౌరుడు, దారి పొడవునా జనం విసిరేసిన బీరు సీసాలు, సోడా డబ్బాలు ఏరి ఏరి విసిగిపోయాడు. సీసా కొన్నవారి దగ్గర కొంత సొమ్ము ధరావతు పుచ్చుకుని, ఖాళీ తిరిగి తెచ్చినప్పుడు ఇచ్చివేయాలని అతను తన ప్రాంతపు శాసనసభ్యునికి సూచించాడు. 1969లో ఆ బిల్లు ఓడిపోయింది. 1971లో గెలిచింది. సీసాల పరిశ్రమలు, పానీయాల సంస్థలు ఎంత వ్యతిరేకించినా, అమెరికాలో మొట్టమొదటి సీసాల ధరావతు చట్టం ఒరెగాన్‌లో అమలులోకి వచ్చింది. మొదట అది 5 సెంట్లు. 2017 నుంచి 10 సెంట్లు.

విశ్రాంత ఉపాధ్యాయిని ఆ సంచిలోకి తొంగి చూసింది. "మా రాత్రిబడిలో కూడా ఖాళీలు ఏరించానమ్మా నేను" అన్నది. ఆ యాత్రలో ఆమె సారా మాట ఎత్తడం అదే మొదటిసారి. 1980లలో సారాను చిన్న చిన్న పొట్లాలలో నింపి పల్లెపల్లెకూ చేరవేసేవారు. తాగి పారేసిన పొట్లాలు చెరువుగట్టు మీద, బడిగోడ పక్కన పడి ఉండేవి. లెక్కలు నేర్పే పాఠం వచ్చినప్పుడు ఆమె ఆ పొట్లాలను ఏరి తెమ్మన్నది. ఎన్ని పొట్లాలు, ఒక్కొక్కటి ఎంత, వారానికి ఎంత, ఏడాదికి ఎంత అని పలకల మీద గుణించమన్నది. ఆ గుణకారం పూర్తయిన రాత్రి బడిలో ఎవరూ మాట్లాడలేదు.

"తాగినవాడు అబద్ధం చెప్పవచ్చు గాని, ఖాళీ పొట్లం చెప్పదు" అన్నది ఆమె. కుమారుడు కొంచెం దూరంలో తన రెండవ డబ్బాతో కూర్చుని ఆ మాట విన్నాడు.

పందిళ్ళ మీద చేదు పూలు

మూడవనాటి ఉదయం వారు సముద్రాన్ని విడిచి తూర్పు దిశగా విలామెట్ నదీలోయలోకి వచ్చారు. ఇండిపెండెన్స్ అనే ఊరి పరిసరాలలో రోడ్డుకు ఇరువైపులా వింతైన తోటలు కనిపించాయి. పద్దెనిమిది అడుగుల ఎత్తున గుంజలు, గుంజల మీద తీగెలు, తీగెల నుంచి వేలాడే త్రాళ్ళు. ఆ త్రాళ్ళను చుట్టుకుని ఆకాశానికి ఎగబాకిన పచ్చని లతలు. తమలపాకు తోటను ఎవరో పైకి సాగదీసినట్లు ఉన్నదని తల్లి అనుకొన్నది. అవి హాప్స్ తోటలు. బీరుకు చేదును, సువాసనను ఇచ్చి, త్వరగా చెడకుండా కాపాడేవి ఈ లత పూలే. వృక్షశాస్త్రం ప్రకారం హాప్స్, గంజాయి ఒకే కుటుంబానికి చెందినవి. ఆగస్టు చివరకు పూలు పక్వానికి వచ్చి, కాగితపు పొరలవలె ఉన్న వాటి రేకుల నడుమ పసుపుపచ్చని పొడి కనిపిస్తుంది.

నేడు లతలను యంత్రాలు కోస్తున్నాయి. కాని ఇరవయ్యవ శతాబ్దం తొలి దశాబ్దాలలో, ఒరెగాన్ హాప్స్ పంటలో అమెరికాకే ముందు వరుసలో ఉన్న రోజులలో, కోతకు వేలాది చేతులు కావలసి వచ్చేవి. వేసవి చివర పట్టణాల నుంచి, ఆదివాసుల పల్లెల నుంచి కుటుంబాలు ఇంటిల్లపాదీ వచ్చి, తోటల పక్కన డేరాలు వేసుకుని పూలు కోసేవి. పిల్లలు బుట్టలు నింపేవారు. రాత్రిళ్ళు మంటల చుట్టూ పాటలు, నృత్యాలు సాగేవి. ఎందరికో అది కూలిపని, వేసవి విహారం రెండూ. నేడు డేరాలతో విహరించే కుటుంబాలకు, మంచుపెట్టెలోని బీరుకు మధ్య ఉన్న సంబంధం అంత పాతది.

రోడ్డు పక్కన రాలిన పువ్వునొకదానిని మనుమరాలు ఏరి తెచ్చింది. నానమ్మ దానిని నలిపి వాసన చూసింది. నారింజ తొక్క, పచ్చిగడ్డి కలిసిన వాసన. అక్కడికి కొద్ది దూరంలోనే ఉన్న కొర్వాలిస్ నగరంలో ప్రభుత్వ శాస్త్రజ్ఞులు పెంచి, 1972లో విడుదల చేసిన కాస్కేడ్ అనే హాప్స్ రకం ఈ సువాసనకు ప్రసిద్ధి. చిన్న తయారీశాలల బీరుకు ప్రత్యేకమైన రుచిని తెచ్చిపెట్టినది ప్రధానంగా ఆ రకమే.

"మరి ఇండియా పేరెందుకు పెట్టారు?" అని ఆమె మొదటిసారిగా కుమారుని అడిగింది. మూడు రోజులలో తల్లి తనను సూటిగా అడిగిన ఆ ప్రశ్నకు అతను కారు ఆపి మరీ జవాబు చెప్పాడు. కంపెనీ పాలన రోజులలో ఇండియాలోని ఇంగ్లీషు వారి కోసం లండన్ నుంచి, తరువాత బర్టన్ పట్టణం నుంచి ఓడలలో లేతరంగు బీరు వచ్చేది. వేడి దేశాలకు పంపే బీరులో హాప్స్ ఎక్కువగా వేయడం అప్పటికే ఉన్న ఆచారం. ఓడ ప్రయాణానికని దీనిని ప్రత్యేకంగా కనిపెట్టారన్న కథను చరిత్రకారులు అంగీకరించరు. పందొమ్మిదవ శతాబ్దంలో ఆ బీరుకు ఇండియా పేరు స్థిరపడిపోయింది. దాని తయారీతో భారతదేశానికి ఏ సంబంధమూ లేదు.

"అంటే మనవాళ్ళది పేరు మాత్రమే అన్నమాట" అన్నది ఆమె. తరువాత తానే ఇంకొక ప్రశ్న వేసింది. "ఈ దేశంలో ఆడవాళ్ళు దీన్ని ఎప్పుడూ ఆపలేదా?"

ఆపారు. ఒరెగాన్ స్త్రీలకు 1912లో ఓటుహక్కు వచ్చింది. రెండేళ్ళకే, 1914లో, రాష్ట్రం మద్యనిషేధానికి ఓటు వేసింది. 1916 జనవరి నుంచి అమలు జరిగింది. 1920లో దేశమంతటా నిషేధం వచ్చింది. దొంగసారా, ముఠాల హత్యలు పెరిగిపోగా 1933లో ఎత్తివేశారు. ఆంధ్రప్రదేశ్‌లో కూడా 1993 అక్టోబరు 1 నుంచి సారా అమ్మకం నిషిద్ధమయింది. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది. 1997లో దానిని సడలించారు. పోర్ట్‌లండ్ స్త్రీలూ దూబగుంట స్త్రీలూ ఒకరినొకరు ఎరుగరు. అయినా రెండు చోట్లా అడిగినవారు స్త్రీలే. రెండు చోట్లా సంపూర్ణ నిషేధం ఎక్కువకాలం నిలవలేదు.

"నిలవకపోతేనేం, సారా పొట్లం మళ్ళీ మా బడిగోడ దగ్గరికి అలా రాలేదు" అన్నది ఆ తల్లి.

కొండ దాటిన తరువాత

లోయ నుంచి కాస్కేడ్ పర్వతాల మీదుగా పోయే 22వ నంబరు రోడ్డు సాంటియం నది వెంట సాగుతుంది. ఇక్కడ అడవి నల్లగా నిలబడి ఉంది. 2020 సెప్టెంబరులో తూర్పు గాలులతో విజృంభించిన మంటలు ఈ లోయలోని పల్లెలను బూడిద చేశాయి. ఆ సంవత్సరం రాష్ట్రంలో పది లక్షల ఎకరాలకు పైగా కాలిపోయింది. మాడిన మోళ్ళ కింద గులాబిరంగు పూలమొక్కలు, మోకాలెత్తు లేతమొక్కలు కనిపించాయి. కొండ దాటగానే తేమ పోయి, పొడి గాలి, ఎర్రని బెరడు పైన్ చెట్లు ఎదురయ్యాయి. టుమాలో అనే చోట డేరాలు వేసే స్థలంలో పెద్ద అక్షరాలతో బోర్డు ఉంది: మంటలు వేయరాదు. ఎండాకాలం చివర ఆ ప్రాంతాలలో చలిమంటను కూడా నిషేధించడం సాధారణం. మనుమరాలు నెగళ్ళు వేసుకోవచ్చునని నెలరోజులుగా కలలు కన్నది. బోర్డు చదివి కళ్ళనీళ్ళు పెట్టుకున్నది గాని, దారిలో చూసిన మోళ్ళు గుర్తు చేయగానే ఊరుకున్నది.

దగ్గరలోని బెండ్ నగరం ఒకప్పుడు కలపమిల్లుల ఊరు. 1994లో చివరి పెద్దమిల్లు మూతపడింది. ఇప్పుడు మిల్లు పొగగొట్టాల నీడలో దుకాణాలు ఉన్నాయి. ఊరిలో ఇరవైకి పైగా చిన్న బీరు తయారీశాలలు ఉన్నాయి. వీటికి ఆద్యుడు 1988లో ఇక్కడ డెషూట్స్ అనే పానశాల తెరిచిన గ్యారీ ఫిష్. అంతకు పదేళ్ళ ముందు ఇది ఊహకందని విషయం. 1970ల చివరకు అమెరికా అంతటా బీరు తయారు చేసే కర్మాగారాలు నూటికి లోపే మిగిలాయి. అన్నీ పెద్దవి, అన్నిటి రుచీ దాదాపు ఒకటే. 1978లో కార్టర్ అధ్యక్షుడుగా ఉండగా, ఇంటి వాడకానికి బీరు కాచుకోవడాన్ని అనుమతించే చట్టం వచ్చింది. ఇళ్ళలో కాచి నేర్చుకున్నవారే తరువాత చిన్న తయారీశాలలు పెట్టారు. అయితే కాచినవాడే తన ఇంట అమ్మరాదన్న పాత నిబంధన అడ్డు వచ్చింది. 1985లో ఒరెగాన్ ఆ నిబంధనను సడలించింది. నేడు దేశంలో తయారీశాలలు తొమ్మిది వేలు దాటాయి. ఈ వెల్లువ శాశ్వతం కాదు. 2024లో కొత్తగా తెరిచిన చిన్న తయారీశాలల కంటె మూతపడినవే ఎక్కువ.

ఆ సాయంత్రం ఎండవేడికి అలసిన తల్లి మారుమాట లేకుండా వారితో పాటు పానశాలలోకి వచ్చింది. మనుమరాలికి రూట్ బీర్ వచ్చింది. పేరులో బీరు ఉన్నా అది మత్తు లేని తియ్యని పానీయం. తల్లి నిమ్మరసం తాగింది. అద్దాల వెనుక ఉన్న రాగిరంగు పాత్రలను చూపించి కుమారుడు వివరించాడు. యవలను మొలకెత్తించి వేయిస్తారు. వేడినీళ్ళలో నానబెట్టి తియ్యని రసం తీస్తారు. హాప్స్ వేసి కాచి, చల్లార్చి, ఈస్టు కలుపుతారు. పిండగా మిగిలిన పిప్పి చుట్టుపక్కల పశువుల మేతకు పోతుంది.

"తెలగపిండి లాగా" అన్నది ఆమె.

"అవునమ్మా. చూడు, ఇది సారా కాదు. ఇందులో ఎంత మత్తు ఉందో డబ్బా మీద అచ్చువేసి ఉంటుంది. కాచినవాడు ఎదుటనే ఉంటాడు."

"సారా కాదని నాకు తెలుసు నాయనా. ఒక్కటి చెప్పు. నువ్వు ఒకటి తాగితే వీళ్ళకు లాభమా, మూడు తాగితే లాభమా?"

కుమారుడు జవాబు చెప్పలేదు. కోడలు బిల్లు చెల్లించి, తాళంచెవులు తీసుకుని లేచింది.

నీలి సరస్సు

నాలుగవ రోజు వారు దక్షిణంగా ప్రయాణించి క్రేటర్ లేక్ చేరారు. సుమారు 7,700 సంవత్సరాల క్రితం మజామా అనే అగ్నిపర్వతం బ్రద్దలై, తన గర్భంలోని శిలాద్రవాన్ని వెళ్ళగక్కి, తనలోకి తానే కూలిపోయింది. ఆ గుంట వానతోను, మంచుతోను నిండి సరస్సు అయింది. దానిలో కలిసే నది లేదు. దాని నుంచి పుట్టే నది లేదు. 1,943 అడుగుల లోతుతో అమెరికాలోకెల్లా లోతైన సరస్సు ఇదే. 1902లో దానిని జాతీయ ఉద్యానవనంగా ప్రకటించారు. ఆనాటి ఉత్పాతాన్ని కళ్ళారా చూసిన క్లామత్ ఆదివాసుల పూర్వులు దానిని పాతాళలోకపు దేవుడికి, ఆకాశలోకపు దేవుడికి జరిగిన యుద్ధంగా చెప్పారు; వారి సంతతి ఆ కథను నేటికీ చెప్పుకుంటున్నారు.

నీలం అన్న మాట ఆ నీటి రంగుకు చాలదు. అంచు మీద నిలబడినవారు మొదట మాట్లాడరు. ఆ రాత్రి మజామా క్యాంపులో పులిహోర తిని, తిండిసామానంతా ఎలుగుబంట్లకు అందకుండా కారులో భద్రపరిచి అందరూ పడుకున్నారు. ఆ సాయంత్రం కుమారుడు మంచుపెట్టె తెరవలేదు. తెల్లవారుజామున తల్లి లేచి కూర్చుంటే అతనూ లేచాడు. ఇద్దరూ కారులో అంచు దాకా వెళ్ళి సూర్యోదయం చూశారు.

"మీ మామ కూడా ఒక్కటే అని మొదలుపెట్టాడు" అన్నది ఆమె.

"తెలుసమ్మా."

"వాడూ తెలుసనే అన్నాడు. నీకు నలభై దాటాయి. మానమని నేను చెప్పను. చెప్తే నేనున్నంత సేపు మానుతావు. ఈ మూడు నెలలూ నా కోసం మానావని నాకు తెలియదనుకున్నావా? నువ్వు తాగడం చూస్తే నాకు కష్టంగానే ఉంటుంది. ఎప్పటికీ ఉంటుంది. కాని దాచవద్దు. లెక్క తప్పవద్దు."

"తప్పితే?"

"తప్పిందని నువ్వే ముందు చెప్పాలి. నీ భార్య కనిపెట్టేదాకా ఉండకూడదు."

అతను సరేనన్నాడు. ఎదుట నీటి మీద వెలుగు అవతలి అంచు నుంచి మెల్లమెల్లగా ఇవతలికి జరిగింది.

లెక్క

అయిదవనాటి సాయంకాలం ఇల్లు చేరేముందు కారును ఖాళీ సీసాలు, డబ్బాలు తిరిగి తీసుకునే కేంద్రం దగ్గర ఆపారు. గోడలో వరుసగా యంత్రాలు ఉన్నాయి. ఒక్కొక్క డబ్బాను గుండ్రని రంధ్రంలో పెడితే యంత్రం దాని మీది గీతలు చదివి, లోపలికి లాగి, అద్దంలో అంకె పెంచుతుంది. ఎన్నో సంచులు మోసుకుని వచ్చిన నిరుపేదలు కొందరు పక్క యంత్రాల దగ్గర నిలబడి ఉన్నారు. వారికి ఆ పది సెంట్లే ఆనాటి సంపాదన.

మనుమరాలు ఒక్కొక్క డబ్బా అందిస్తూంటే నానమ్మ పక్కన నిలబడి చూసింది. నిమ్మసోడా, నారింజరసం, బుడగల నీళ్ళు, మళ్ళీ సోడా. బీరు డబ్బా వచ్చినప్పుడల్లా ఆమె వేలు మడిచింది. మొత్తం ఇరవై ఆరు అయ్యాయి. రెండు డాలర్ల అరవై సెంట్లు. చీటీని కిటికీ దగ్గర మార్చి మనుమరాలు చిల్లర తెచ్చి నానమ్మ చేతిలో పోసింది.

ఆమె చేతివేళ్ళు చూసుకుని కుమారుని వైపు తిరిగింది. "నువ్వు కొన్నది నాలుగు డబ్బాల కట్ట. యంత్రంలో మూడే పడ్డాయి. నాలుగోది ఏది?"

కుమారుడు కారు వెనుక తలుపు ఎత్తి, మంచుపెట్టె మూత తీశాడు. కరిగిన మంచునీళ్ళలో మూత తీయని డబ్బా ఒకటి తేలుతూ ఉంది.

ఆమె దానిని చూసి తల ఊపింది. చిల్లరలోంచి ఒక పది సెంట్ల నాణెం తీసి కొంగున ముడివేసుకుని, మిగిలినది మనుమరాలికి తిరిగి ఇచ్చేసింది.

"నాలుగోది అయినప్పుడు డబ్బా నాకివ్వు" అన్నది. "నేనే తెచ్చి వేస్తాను."